ఏజెన్సీ ఊళ్లకు శాటిలైట్ ఇంటర్నెట్ నిజంగా పనికొస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి

కొండవాలు_టీచర్ · ఆదివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండల మధ్య ఒక చిన్న ఊళ్లో టీచర్‌గా పని చేస్తున్నాను. 38 గడపలు, ఒక బడి, ఒక అంగన్‌వాడీ. ఫోన్ సిగ్నల్ లేదు. ఊరి వెనక గట్టు ఎక్కి ముప్పావు గంట నడిస్తే ఒక జీలుగు చెట్టు ఉంది. దాని కింద నిలబడితే రెండు గీతలు వస్తాయి. పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క యాప్‌లో పెట్టాలంటే రోజూ అక్కడికే పోవాలి. రేషన్ మిషన్ కూడా వేలిముద్ర కోసం ఆ గట్టు ఎక్కుతుంది, దాని వెనకే ముసలీ ముతకా అందరూ ఎక్కుతారు.

పోయిన వానాకాలం ఒక రాత్రి ఒకావిడకు నొప్పులు మొదలయ్యాయి. 108కి ఫోన్ చెయ్యడానికి ఒక కుర్రాణ్ణి టార్చిలైటు ఇచ్చి చెట్టు దగ్గరికి పంపాం. వాడు పోయి, ఫోన్ కలిసి, మళ్లీ దిగి వచ్చేసరికి గంటన్నర పైనే అయింది. డోలీ కట్టి మోసుకెళ్తుంటే దారిలోనే కాన్పయింది. తల్లీ బిడ్డా క్షేమం. కానీ ఆ గంటన్నర నేనింకా మర్చిపోలేకపోతున్నాను.

ఇప్పుడు అందరూ శాటిలైట్ ఇంటర్నెట్ వస్తుందంటున్నారు. నా సందేహాలు మూడు. మా దగ్గర పడే వానకు అది నిలుస్తుందా? ఒక్క డిష్‌తో ఊరంతటికీ సరిపోతుందా? డబ్బు ఎవరు పెట్టాలి?


డిష్_దక్షిణం · ఆదివారం రాత్రి 9:25

టీచర్ గారూ, పద్నాలుగేళ్లుగా వీశాట్ డిష్‌లు, అంటే ఉపగ్రహంతో నేరుగా కలిపే చిన్న డిష్‌లు, బిగించే పనిలో ఉన్నాను. బ్యాంకు బ్రాంచీలు, ఏటీఎంలు, పెట్రోల్ బంకులు, కొన్ని బడులు. మీరు అడిగినది కొత్త సంగతేమీ కాదు. శాటిలైట్ ఇంటర్నెట్ మన దేశంలో ఎప్పటినుంచో ఉంది, కొత్తగా వస్తున్నది కింది కక్ష్యలో తిరిగే రకం.

పాత రకం ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. భూమితో పాటే తిరుగుతుంది కాబట్టి మనకు కదలనట్టే కనిపిస్తుంది. డిష్‌ను ఒకసారి దాని వైపు తిప్పి బిగిస్తే చాలు. చిక్కల్లా దూరంతోనే. మాట పైకి వెళ్లి కిందికి రావడానికే పావు సెకను పడుతుంది. మీరు హలో అని, అవతలి హలో వినేసరికి అర సెకను. అలవాటైతే మాట్లాడుకోవచ్చు. హాజరు పంపడానికి, రేషన్ వేలిముద్రకి అదసలు అడ్డే కాదు.

కొత్త రకంలో స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో, వన్‌వెబ్‌వి 1,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ఆలస్యం తెలియనే తెలియదు. కానీ ఒకటి పోతుంటే ఇంకొకటి వస్తుంటుంది, అందుకే వందలూ వేలూ కావాలి. వన్‌వెబ్‌వి 72 మన శ్రీహరికోట నుంచే వెళ్లాయి, 2022 అక్టోబర్‌లో 36, 2023 మార్చిలో 36.

వాన సంగతి. చిన్న డిష్‌లు వాడే కేయూ, కేఏ బ్యాండ్ల తరంగాలను పెద్ద వాన మింగేస్తుంది. కుండపోతగా కురిసే ఆ పది ఇరవై నిమిషాలు స్పీడు పడిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా పోతుంది. ముసురుకు మాత్రం ఏమీ కాదు. వాన ఎక్కువైతే స్పీడు తగ్గించుకుని లింకును నిలబెట్టే తెలివి ఇప్పటి మోడెమ్‌లకు ఉంది. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: నిలుస్తుంది, నిమిషాల మీద ఆగుతుందేమో గానీ రోజుల మీద ఆగదు.


వెలుగుతీగ · ఆదివారం రాత్రి 10:02

నేను ఫైబర్ పని చేసేవాణ్ణి, నా మాట కొంచెం కటువుగా ఉంటే క్షమించండి. శాటిలైట్ అనగానే అందరికీ ఆశ పుడుతుంది, ఆ ఆశ చూపించి ఫైబర్ పనిని పక్కన పెట్టేస్తారని నా భయం. లెక్క చూడండి. 2024 నవంబర్‌లో వెళ్లిన మన జీశాట్-ఎన్2 బరువు 4,700 కిలోలు, దాని మొత్తం సామర్థ్యం 48 జీబీపీఎస్, అంటే సెకనుకు 48 గిగాబిట్ల డేటా. దేశమంతా కలిపి పంచుకోవాల్సింది అదే. వెంట్రుకంత సన్నటి ఫైబర్ జత ఒక్కటి అంతకు ఎన్నో రెట్లు మోస్తుంది. ఊరికి తీగ వేస్తే మూడు తరాలు వాడుకుంటారు.


ద్వీపం_నుంచి · ఆదివారం రాత్రి 10:48

వెలుగుతీగ గారి మాట నిజమని నా కళ్లతో చూశాను. మా ఆయన ఉద్యోగం వల్ల పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) ఆరేళ్లున్నాం. 2020కి ముందు అండమాన్‌కు బయటి ప్రపంచంతో సంబంధమంతా ఉపగ్రహం మీదే. మా అబ్బాయి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ అప్పుడు వెబ్ ఆప్షన్లు పెట్టడానికి తెల్లవారుజామున మూడింటికి లేచేవాళ్లం. పేజీ సగం తెరుచుకుని ఆగిపోయేది. మళ్లీ లాగిన్, మళ్లీ మొదలు. చివరి రోజు పడిన టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ మొదలైంది. సుమారు 2,300 కిలోమీటర్లు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు 200 జీబీపీఎస్ లైన్లు రెండు. పైన చెప్పిన కొత్త ఉపగ్రహం మొత్తం కలిపినా 48. ఒక్క వారంలో మా వీధి మారిపోయింది.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. కేబుల్ వచ్చేదాకా అన్నేళ్లు అక్కడి బ్యాంకులూ ఆస్పత్రులూ ఫోన్లూ నడిచింది ఆ ఇరుకు శాటిలైట్ మీదే. అది లేకపోతే మాకు ఆ మాత్రం కూడా ఉండేది కాదు.


పాతరేడియో · సోమవారం ఉదయం 6:15

నాకు డెబ్బై దాటాయి. మహబూబ్‌నగర్ జిల్లా. మీ అందరి మాటలూ చదివాక రాత్రి నిద్ర పట్టలేదు, పాతవన్నీ గుర్తుకొచ్చాయి.

1975లో మా ఊరి బడికి ఒక టీవీ వచ్చింది. అప్పటికి మా ఊళ్లో సగం ఇళ్లకు కరెంటు లేదు. బడి మిద్దె పక్కన పది అడుగుల గొడుగు తిరగేసి పెట్టినట్టు ఒక యాంటెనా నిలబెట్టారు. దగ్గరికెళ్లి చూస్తే అది కోళ్ల గూటికి కొట్టే తీగ జాలీ! దాన్ని చేత్తో ముట్టుకుని, దీంతో ఆకాశంలోంచి బొమ్మలొస్తాయా అని నవ్వుకున్నాం. సాయంత్రం తెర మీద మనిషి కనిపించి తెలుగులో వ్యవసాయం గురించి మాట్లాడాడు. మా నాయన నా భుజం పట్టుకుని నిలబడ్డాడు, ఆ పట్టు నాకింకా తెలుస్తూనే ఉంది.

ఉపగ్రహం ద్వారా ఊళ్లకు టీవీ పాఠాలు పంపే ఆ ప్రయోగాన్నే సైట్ అన్నారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా. ఉపగ్రహం అమెరికా నాసా వాళ్లది, పేరు ఏటీఎస్-6. ఒక్క ఏడాదికి మనకిచ్చారు. కార్యక్రమాలు మనవి. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లు, రోజుకు నాలుగు గంటలు, పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఒప్పందం 1969లోనే కుదిరింది. దానికోసం పట్టుబట్టిన విక్రమ్ సారాభాయ్ గారు 1971 డిసెంబర్‌లోనే పోయారు, చూడలేకపోయారు.

టీచర్ గారూ, మీకు చెప్పాలనుకున్నది ఇది. ఆ ఏడాది సెట్ పాడైతే జీపులో మనిషి వచ్చేవాడు, బాగు చేసి, పుస్తకంలో రాసుకుని వెళ్లేవాడు. అదే నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది. తర్వాత ఎన్నో పథకాల పెట్టెలు మా ఊరికొచ్చాయి, బాగు చేసే మనిషి మాత్రం మళ్లీ రాలేదు.


డిష్_దక్షిణం · సోమవారం ఉదయం 7:30

పెద్దాయనా, మీరు అసలు విషయం మీద వేలు పెట్టారు. నేను రాద్దామా వద్దా అని ఆగింది అదే.

ఒక మండలంలో ఒక బడి. పాఠాలు శాటిలైట్ ద్వారా రావాలని డిష్ పెట్టారు. రెండేళ్ల తర్వాత వేరే పని మీద అటు వెళ్తే చూపించారు, పెట్టిన ఆరు నెలలకే ఆగిపోయిందట. ఉపగ్రహం పోయిందని ఊళ్లో అనుకుంటున్నారు. నిచ్చెన వేసి చూశాను. డిష్ ముందుండే పెట్టెకు కేబుల్ కలిసే చోట చుట్టిన రబ్బరు టేప్ ఊడిపోయింది. కనెక్టర్ లోపల పచ్చగా చిలుము, ఒక చుక్క నీళ్లు. కోసి, కొత్త కనెక్టర్ వేసి, టేప్ గట్టిగా చుట్టాను. నలభై నిమిషాల పని, పాతిక రూపాయల సామాను. లింక్ వచ్చేసింది. రెండేళ్ల పాఠాలు పోయింది ఆ చుక్క నీటికి.

2004 సెప్టెంబర్ 20న చదువు కోసమే ఎడ్యుశాట్ అని ఒక ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి పంపారు. ఒక్క చదువు కోసమే ఉపగ్రహమంటే ఎంత గొప్ప ఆలోచన! పైన అది బాగానే పని చేసింది. కింద చాలా చోట్ల ఇలాగే పోయింది. కరెంటు లేక, ఇన్వర్టర్ బ్యాటరీ మార్చక, పిడుగుకు మోడెమ్ కాలి.


అలలవార్త · సోమవారం మధ్యాహ్నం 1:10

అన్నలూ, మీరంతా కొండల గురించి, బడుల గురించి మాట్లాడుతున్నారు. సముద్రం మాటా చెప్పనివ్వండి. మాది ఉప్పాడ దగ్గర. మా ఇంట్లో నాలుగు తరాలు వేటే.

ఒడ్డు నుంచి కొంత దూరం పోయాక ఫోన్ చచ్చిపోతుంది. ఆ తర్వాత బోటు మీద మనిషికీ ఇంట్లో మనిషికీ మధ్య ఏమీ ఉండదు. 2017 చివర్లో ఓఖీ తుపాను అప్పుడు హెచ్చరిక వచ్చేసరికే కేరళ, తమిళనాడు వాళ్లు ఎందరో లోతు సముద్రంలో ఉన్నారు. చెప్పే దారి లేకపోయింది.

1977 దివిసీమ ఉప్పెన గురించి మా తాతమ్మ చెప్పేది. నవంబర్ 19. పదివేల మందికి పైనే పోయారు. తర్వాత ఇన్‌శాట్ ఉపగ్రహాలు వచ్చాక తీరం ఊళ్లలో తుపాను హెచ్చరిక పెట్టెలు పెట్టారు. అవి మామూలుగా గమ్మునుంటాయి. ఏ ప్రాంతానికి ముప్పుందో ఆ ప్రాంతం పెట్టెల్నే ఉపగ్రహం ద్వారా తట్టి లేపుతారు. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత మన భాషలో మాట వినిపిస్తుంది. టెలిఫోన్ స్తంభాలు పడిపోయినా దానికి ఏమీ కాదు. 1990 మేలో మళ్లీ అలాంటి తుపానే మన తీరాన్ని కొట్టింది. ముందే లక్షకు పైగా జనాన్ని తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి దాకా. అది తక్కువని నేననను, ఒక్క ప్రాణమైనా ప్రాణమే. కానీ 77కీ 90కీ నడుమ ఏం మారిందో మా ఇళ్లలో అందరికీ తెలుసు.

ఇప్పుడు బోట్లకు ట్రాన్స్‌పాండర్లు, అంటే ఉపగ్రహం ద్వారా కబురు అటూ ఇటూ పంపే పెట్టెలు, ఇస్తున్నారు. లక్ష బోట్లకు పెట్టే పథకాన్ని 2024 ఆగస్టులో మొదలుపెట్టారు. ఒడ్డు నుంచి మాకు హెచ్చరిక వస్తుంది, మేం కూడా ఆపదలో ఉన్నామని చెప్పొచ్చు. మా తమ్ముడి బోటుకు బిగించినరోజు అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది. ఇంటర్నెట్ వేగం గురించి మాకెవరికీ పట్టింపు లేదు. "తిరిగొస్తున్నాం" అనే ఒక్క మాట ఒడ్డుకు చేరితే చాలు.


వెలుగుతీగ · సోమవారం మధ్యాహ్నం 1:55

అమ్మా, మీరు రాసింది చదివాక నా మొదటి పోస్టు సరిదిద్దుకోవాలి. సముద్రం మీదికి ఎవరూ తీగ వెయ్యలేరు. అక్కడ పోలికే లేదు.

కొండల విషయంలో మాత్రం ఫైబర్ మాట వదలను. కాకపోతే టీచర్ గారి ఊరికి అది చేరడానికి ఎన్నేళ్లు పడుతుందో నేను చెప్పలేను. ఘాట్ రోడ్డు పక్కన వేసిన తీగ ప్రతి వానాకాలం కొండచరియతో పాటే జారిపోవడం నేనూ చూశాను. మూడు రోజులు మట్టిలో వెతికి అతికిస్తే నాలుగో రోజు ఇంకో చోట తెగింది.


బావ_అమెరికాలో · సోమవారం సాయంత్రం 6:20

చిన్న సందేహం. మా బావ వచ్చే నెల అమెరికా నుంచి వస్తున్నాడు. ఒక స్టార్‌లింక్ కిట్ తెమ్మంటే టీచర్ గారి బడికి ఇచ్చేద్దామా? డబ్బు నేను పెట్టుకుంటాను.


నిబంధనలు_చదివేవాడు · సోమవారం సాయంత్రం 7:05

మీ మనసు మంచిదే కానీ ఆ పని మాత్రం చెయ్యకండి. అక్కడ కొన్న కిట్ ఇక్కడ పని చెయ్యదు, పైగా అనుమతి లేని వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడం మన చట్టంలో నేరం. శాటిలైట్ ఫోన్ జేబులో పెట్టుకుని దిగి, విమానాశ్రయంలో చిక్కుకున్న విదేశీయులు ఎందరో ఉన్నారు. ఆ కేసు టీచర్ గారి మెడకు చుట్టుకుంటుంది.

సక్రమమైన దారి గురించి చెబుతాను. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం శాటిలైట్ సేవలకు స్పెక్ట్రమ్ (సిగ్నల్ నడిచే రేడియో తరంగాలు) వేలం వెయ్యరు, ప్రభుత్వమే కేటాయిస్తుంది. వన్‌వెబ్‌కూ, జియో-ఎస్‌ఈఎస్ కంపెనీకీ లైసెన్సు ముందే వచ్చింది, స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో వచ్చింది. స్పెక్ట్రమ్‌కు కంపెనీ ఆదాయంలో 4 శాతం తీసుకోవాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 మేలో సిఫార్సు చేసింది. పట్నం కస్టమర్ మీద ఏడాదికి 500 రూపాయలు అదనంగా వెయ్యాలని, పల్లెల మీద వద్దని కూడా అందులో ఉంది. ఆ తేడా చూపించడం నాకు నచ్చింది.

ఇక టీచర్ గారి మూడో ప్రశ్న. టెలికం కంపెనీలు ఆదాయంలో 5 శాతం ఒక నిధికి కడతాయి. దాని ఇప్పటి పేరు డిజిటల్ భారత్ నిధి. మనందరి ఫోన్ బిల్లుల్లోంచి వెళ్లిన డబ్బే అది, సిగ్నల్ లేని ఊళ్ల కోసమే పుట్టింది. సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 2022 జులైలో కేంద్రం 26,316 కోట్లకు ఆమోదం తెలిపింది, అదీ ఈ నిధి నుంచే. మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో ముందు మండలంలో కనుక్కోండి. ఉంటే టవర్ మీ హక్కు. అడగడానికి మొహమాటపడకండి.


డిష్_దక్షిణం · సోమవారం రాత్రి 8:30

దీనికి ఒక మాట కలుపుతాను, ఎందుకంటే శాటిలైటా, టవరా అని రెండింటినీ పోటీ పెట్టుకుంటున్నాం. ఊళ్లో చిన్న టవర్ పెట్టి, దాన్ని బయటికి కలపడానికి తీగ బదులు డిష్ వాడొచ్చు. మన అడవి ప్రాంతాల్లో చాలా టవర్లు అలాగే నడిచాయి. జనం చేతిలో ఉన్న మామూలు ఫోనే పని చేస్తుంది, కొత్తది కొనక్కర్లేదు. రేపు ఫైబర్ వచ్చినప్పుడు డిష్ తీసెయ్యరు, తీగ తెగిన రోజుకు ఉంచుకుంటారు.

రెండో ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు కదా. 38 గడపలకు 10 ఎంబీపీఎస్ (సెకనుకు 10 మెగాబిట్లు) డిష్ ఒకటి చాలు, వాడకం మీద కట్టుబాటు ఉంటే. ఫోన్ కాల్‌కు చాలా కొద్దిగా పడుతుంది. హాజరు, రేషన్, పింఛను లెక్కలోకే రావు. డాక్టర్‌తో వీడియోలో మాట్లాడటానికి ఒకటి రెండు ఎంబీపీఎస్ చాలు. అందరూ ఒకేసారి సినిమా పెడితే మాత్రం ఎవరికీ ఏదీ రాదు. కాబట్టి బడికీ, అంగన్‌వాడీకీ, అత్యవసర కాల్‌కూ ముందు వరుస అని రౌటర్‌లోనే పెట్టించండి.

టీచర్ గారూ, బడి ముందు నిలబడి దక్షిణం వైపు ఆకాశం ఎలా కనబడుతుందో చూసి చెప్పగలరా? చుట్టూ కొండలు ఎంత ఎత్తులో ఉన్నాయో కూడా.


కొండవాలు_టీచర్ · మంగళవారం రాత్రి 9:15

అందరి జవాబులూ ఇవాళ పొద్దున చెట్టు కింద నిలబడి డౌన్‌లోడ్ చేసుకుని, బడికొచ్చి చదివాను. ఇప్పుడు మళ్లీ గట్టెక్కి ఇది రాస్తున్నాను. పాతరేడియో గారి పోస్టు ఐదో తరగతి పిల్లలకు చదివి వినిపించాను. కోళ్ల గూటి జాలీ దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు.

మధ్యాహ్నం పిల్లలూ నేనూ కలిసి చూశాం. తూర్పు, పడమర రెండు వైపులా కొండలు బాగా ఎత్తు. ఉత్తరం కొంచెం తెరిపి. దక్షిణం వైపు బడి గోడకు పదిహేను అడుగుల దూరంలో పెద్ద చింతచెట్టు ఉంది. ఒక కొమ్మ సరిగ్గా మిద్దె మీదికే వంగింది. డిష్‌కు అడ్డమని చెబితే కొమ్మ కొట్టడానికి ఊరి పెద్ద ఒప్పుకున్నాడు. రేపు గొడ్డలి తెస్తానన్నాడు.

ఊరంతా కలిసి అర్జీ కూడా రాస్తున్నాం. జాబితాలో మా ఊరి పేరు ఉందా అన్నది మొదటి వాక్యం. బాగు చేసే మనిషి ఎవరు, ఎన్ని రోజుల్లో వస్తాడు అన్నది రెండోది.


డిష్_దక్షిణం · మంగళవారం రాత్రి 9:50

చెట్టు కొట్టొద్దు, ఊరి పెద్దకు వెంటనే చెప్పండి!

మీ దగ్గర నుంచి మన ఉపగ్రహాలు చాలా ఎత్తులో ఉంటాయి. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్నదాన్ని తీసుకుంటే డిష్ దాదాపు 69 డిగ్రీలు పైకి చూస్తుంది, అంటే నడినెత్తికి కొంచెమే దక్షిణంగా. మిద్దె మీద డిష్‌ను ఉత్తరపు అంచుకు జరిపితే చాలు, కొమ్మ మీదుగా చూస్తుంది. మీ కొండలు కూడా దానికి అడ్డం రావు. కింది కక్ష్య రకమైతే ఆకాశం చాలా వెడల్పుగా తెరిచి ఉండాలి, మీలాంటి ఇరుకు లోయలో అది మాటిమాటికీ తెగొచ్చు. అందుకే అడిగాను.

అర్జీలో ఇంకో వాక్యం కలపండి. ఊరికి ఇద్దరికి, వీలైతే ఒక ఆడపిల్లకూ ఒక మగపిల్లాడికీ, కనెక్టర్ వెయ్యడం, టేప్ చుట్టడం, బ్యాటరీ నీళ్లు చూడటం నేర్పించాలని. నేర్పేవాళ్లు దొరక్కపోతే నేనొస్తాను. వర్షాలు తగ్గాక ఒక ఆదివారం చెప్పండి, టేపూ కనెక్టర్లూ నేనే తెస్తాను.


కొండవాలు_టీచర్ · మంగళవారం రాత్రి 10:05

ఊళ్లోకి ఫోన్ పోదు కదా సార్. గొడ్డలి తీసేలోపు చెప్పాలి, దిగుతున్నాను.